కొక్కేల బనీను

దర్జీ కొట్లో ట్రయల్ రూము గడియ లోపలినుంచి పడే ఉంది.

తలుపు బయట ముగ్గురు నిలబడి ఉన్నారు. చెక్కకు చెవి ఆనించి ఇల్లాలు. ఆమె వెనక, కాజా కుడుతూ కుడుతూ లేచివచ్చి, సూదీ దారమూ వేళ్ళ మధ్యే మరిచిపోయిన మరిది. వారిద్దరికీ ఎడంగా, ఒక్క చెయ్యే కుట్టిన నల్లకోటులో ప్లీడరుగారు.

ప్లీడరుగారు ఎప్పుడో వెళ్ళిపోవలసినవారు. ఒకరి ఇంటి కష్టం మధ్య పరాయివాడు నిలబడటం మర్యాద కాదని ఆయనకు తెలుసు. కాని కోటు కింద కొత్త చొక్కా కూడా వేసి చూస్తున్నారు; దానికి గుండీల చోట గుండుసూదులున్నాయి. ఆయన సొంత చొక్కా ఆ గదిలో ఉంది. ఆ గదిలోనే ఇల్లాలి భర్త, దర్జీ మాస్టారు ఉన్నారు.

కాసేపటి క్రితం ఆ నల్లకోటు భుజం మీదనే సుద్దతో గీత గీస్తూ మాస్టారు ఆగిపోయారు. గీత సగంలో వంకర పోయింది. బట్టలు కుట్టి బతికిన ఇన్నేళ్ళలో అన్నగారి సుద్దగీత వంకర పోవడం తమ్ముడు చూడలేదు. కణతల మీద చెమట పొటమరించి మెడలో వేలాడే టేపు మీదికి జారింది. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, ఆయన లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నారు.

ఆ తర్వాత వినిపించింది గుడ్డ చిరిగిన చప్పుడు ఒక్కటే.

"ఏమండీ," అంది ఇల్లాలు. "గడియ తీయండి. నేనొక్కదాన్నే వస్తాను."

"అక్కర్లేదు. గాలాడక అలా అయింది. కూర్చుంటే పోతుంది."

"గాలాడనివాళ్ళు తలుపులు తీసుకుంటారు గాని మూసుకుంటారా?"

లోపల కుర్చీ ఒకసారి కిర్రుమంది.

"అన్నయ్య గొంతు అదోలా ఉంది వదినా. అమ్మాయికి ఫోన్ చేద్దాం," అన్నాడు మరిది.

అమ్మాయంటే ఆ ఇంటి కోడలు. గుండె డాక్టరు. కొడుకు ఉద్యోగం పని మీద ఊరు దాటి వెళ్ళాడు గాని, కోడలు వీధి మలుపులోని ఆసుపత్రిలోనే ఉంది. పిలిస్తే పని వదిలి పరుగున వస్తుంది. వస్తుందనేదే మాస్టారి భయం.

"అమ్మాయికి చెప్పారంటే నా మీద ఒట్టే," అన్నది లోపలి గొంతు. ఊపిరి మధ్యలో తెగి మళ్ళీ అతుక్కుంది. "ఇదిగో, నీకే చెబుతున్నా. నువ్వు మాటిచ్చావు."

ఫోను మీదికి వెళ్ళిన ఇల్లాలి చెయ్యి వెనక్కి వచ్చింది.

మరిది వదిన మొహం చూశాడు. ఈ ఇంట్లో తనకు తెలియనిది ఒకటి ఉందని తనకు ఎప్పుడో తెలుసునని, అది అటక మీదికి చూస్తేనే తెలుస్తుందని, మెల్లగా అన్నాడు.

అటక నిండా కోట్ల లోపలివైపు వేసే నల్ల అస్తరు గుడ్డ. కొన్ని నెలలకొకసారి అన్నావదినలు పొద్దున్నే తయారై, అస్తరు కొనడానికి ఊరి ఆ చివరి బజారుకు వెళ్ళేవారు. సాయంత్రం ఒక గుడ్డబేలుతో తిరిగివచ్చేవారు. అన్న మొహం వాడిపోయి ఉండేది. వదిన ఏ కబురూ చెప్పేది కాదు. రేపు మళ్ళీ వెళ్ళాలని నిన్ననే అనుకున్నారు.

"ఊళ్ళో ఉన్న ప్లీడర్లందరికీ కోట్లు కుట్టినా తరగదు వదినా ఆ గుడ్డ. నేను అడగలేదు. అడిగితే చెప్పరని అడగలేదు."

ప్లీడరుగారు అటక వైపు చూసి, చూడనట్టుగా కిటికీ వైపు తిరిగారు. "నేను విన్నవన్నీ విననట్టుండటమే నా జీవనమమ్మా," అన్నారు కిటికీతో. "మీరు మాట్లాడుకోండి."

ఇల్లాలు నేల మీద పడిన గుడ్డముక్కలను చూస్తూ చెప్పింది. గొంతు ఎంత తగ్గించిందంటే, మరిది ఆమె పెదవులనే వినవలసి వచ్చింది.

ఆయనది మగవారికి మాత్రమే వచ్చే క్యాన్సరు. మూత్రాశయం కింద, ప్రోస్టేట్ అనే చిన్న గ్రంథిలో మొదలవుతుందట. ఒంట్లో ఉండే మగ హార్మోనే దానికి తిండి అట. ఆ తిండి అందకుండా చేసే సూది కొన్ని నెలలకొకటి వేస్తారు. దానికి తోడు రోజూ ఒక మాత్ర. ఊరి ఆ చివర బజారు పక్కనే ఆ ఆసుపత్రి. సూది వేయించుకుని, చెప్పిన అబద్ధం నిజం కావడానికి ఒక బేలు కొనుక్కుని వచ్చేవారు.

"మంచి మందే," అంది. "జబ్బు అణిగింది. డాక్టరు సంతోషించాడు. కాని ఒళ్ళు..."

ఆమె ఆగింది. లోపల ఉన్నవాడు వింటున్నాడని ఇద్దరికీ తెలుసు.

ఒళ్ళు మారింది. ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగ లేచేది. గడ్డం పలచబడింది. నడుము చుట్టూ కండ కరిగి కొవ్వు చేరింది. పేపర్లో ఎవరి ఇల్లో కాలిందని చదివి ఆయన ఏడ్చారు. ఒకరోజు స్నానం చేసి వచ్చి చొక్కా తొడుక్కుంటుంటే రొమ్ములు ఉబ్బి ఉండటం ఆమె చూసింది. తను చూడటం ఆయన చూశారు. ఆ మౌనం భరించలేక, నవ్వించాలని, నోరు జారింది.

"నా జాకెట్టు మీకు సరిపోయేలా ఉందే, అన్నాను."

మరిది తల దించుకున్నాడు.

"నవ్వుతారనుకున్నాను. పెళ్ళైన దగ్గర్నుంచి నేనేమన్నా నవ్వే మనిషి. ఆరోజు ఏమీ అనలేదు. మర్నాడు అటక మీంచి అస్తరు దించి, రెండు మడతలేసి, తనకు తానే కొలత తీసుకుని కుట్టుకున్నారు."

అది బనీను. చూడటానికి బనీను, కట్టుకుంటే కట్టు. ఛాతీని అదిమిపెట్టి, పైన చొక్కా వేస్తే మునుపటి మాస్టారే అద్దంలో నిలబడేవారు. వీపున కొక్కేల వరసలు. పొద్దున్నే ఆయన గోడవైపు తిరిగి నిలబడితే, ఇల్లాలు మాటా పలుకూ లేకుండా కొక్కేలు తగిలించేది. ఊళ్ళో సగంమంది మగవాళ్ళ ఛాతీ చుట్టూ టేపు చుట్టిన మనిషి, తన ఛాతీని ఇంకెవరి కంటా పడనీయలేదు.

"బిగుతుగా ఉందనేవారు ఈమధ్య. మెట్లెక్కితే పట్టేస్తోందనేవారు. ఒక వరస వదులు చేసేదాన్ని. మళ్ళీ పట్టేస్తోందనేవారు. ఇంకో వరస వదులు చేసేదాన్ని." ఆమె చేతులు గాలిలో కొక్కేలు తీస్తున్నట్టు కదిలాయి. "ఇవాళ పొద్దున ఆఖరి వరసలో పెట్టాను. అప్పుడు చూస్తే నా నాలుగు వేళ్ళు దూరేటంత ఖాళీ ఉంది. అయినా..."

చేతులు ఆగిపోయాయి.

"అయినా బిగుతే అన్నారు," అంది. తన మాట తనకే అప్పుడు వినిపించినట్టుంది.

ఆయన గుండెకు ఇదివరకే ఒకసారి స్టెంటు వేశారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సంగతీ ఈ సంగతీ ఒకే ఒంటివని మాత్రం ఇన్నాళ్ళూ ఆమెకు తోచలేదు. తోచనివ్వలేదేమో.

ఒట్టును గట్టున పెట్టి ఇల్లాలు ఫోను తీసింది.

*

కోడలు తెల్లకోటుతోనే వచ్చింది. వస్తూ వస్తూనే అంబులెన్సుకు చెప్పానని, వీధి మొదట్లో నిలబడి దారి చూపమని చినమామను పంపింది. నొప్పి ఎప్పుడు మొదలైందో, చెమట పట్టిందో లేదో అత్తగారిని అడిగింది. తర్వాత నేల మీద మోకాళ్ళు ఆనించి, ఒక మాత్రను తలుపు కింది సందులోనుంచి లోపలికి నెట్టింది.

"మామయ్యా, ఆస్పిరిన్. మింగొద్దు, నమలండి."

సుద్ద అంటిన రెండు వేళ్ళు సందులో కనిపించి, మాత్రను తీసుకున్నాయి.

"నువ్వెందుకొచ్చావమ్మా," అన్నారు మాస్టారు. నమిలే చప్పుడు వినిపించింది.

"వాడుతున్న మందులన్నీ చెప్పండి అత్తయ్యా. నాకు తెలిసినవి కాదు. తెలియనివి."

ఇల్లాలు చెప్పింది. ఈసారి గొంతు తగ్గించలేదు. క్యాన్సరన్నది, సూది అన్నది, మాత్ర అన్నది. కొత్తగా కుట్టిన బట్టకు వేసిన దూరం కుట్లలా, మాటకూ మాటకూ మధ్య ఎడం ఉంది.

కోడలు లేవలేదు. మోకాళ్ళ మీదే ఉండిపోయింది.

ఏడాదిగా మామగారి రక్తపరీక్షలు ఆమెకు అంతుపట్టలేదు. చక్కెర ఎక్కింది. కొవ్వు ఎక్కింది. మాత్రలు మార్చి చూసింది, పెంచి చూసింది. ఈసీజీ తీయిద్దాం రమ్మంటే ఆయన మిషను మీద పని ఉందనేవారు. బీపీ చూస్తానంటే మోచేయి దాకా మాత్రమే చొక్కా మడిచేవారు. చివరికి ఆమె ఒక తీర్పుకు వచ్చేసింది. అత్తగారు చాటుగా స్వీట్లు పెడుతున్నారని. వంటింట్లో నూనె పొంగిపోతోందని. ఒకరోజు భోజనాల దగ్గర, అందరూ వింటుండగా, ప్రేమ ఇలాగేనా చూపించేది అత్తయ్యా అని అడిగింది. ఆ సాయంత్రమే చక్కెర డబ్బా ఉన్న అలమరకు తాళం వేసి, చెవి తన దగ్గర పెట్టుకుంది.

మర్నాటినుంచి అత్తగారు చప్పిడి కూర వండి, తనూ అదే తిన్నది.

"ఎందుకు పడ్డారు అత్తయ్యా ఆ మాటలన్నీ?"

"చెప్పనని మాటిచ్చాను కదమ్మా. నీ మాటలు పడటమే తేలికనిపించింది."

కోడలు బ్యాగులో స్టెతస్కోపు కోసం వెతికింది. దానితో పాటు తాళంచెవుల గుత్తి కూడా చేతికి వచ్చింది. అందులో అలమరది చిన్న ఇత్తడి చెవి. దాన్ని గుత్తిలోంచి తప్పించడానికి వేళ్ళు తొట్రుపడ్డాయి. తీసి, అత్తగారి అరచేతిలో పెట్టి, ఆ పిడికిలి తానే మూసింది. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది గాని, అది చెప్పవలసిన వేళ ఇది కాదని గొంతులోనే నిలిపింది.

"మామయ్యా, తలుపు తీయండి."

"తీయనమ్మా. నువ్వు చూడకూడదు."

"రోజూ ఎందరినో చూడటమే నా పని."

"వాళ్ళు నీకు మామగార్లు కారు."

బయట ప్లీడరుగారు దగ్గబోయి ఆపుకున్నారు. కోడలు తలుపుకు నుదురు ఆనించింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఈయనే తన తెల్లకోటు కుట్టిచ్చారు. కొలతలు తీయడానికి మొహమాటపడి, భార్య చేత తీయించి, దూరంగా నిలబడి అంకెలు రాసుకున్నారు. ఆ కోటే ఇప్పుడు ఒంటి మీద ఉంది. భుజాల దగ్గర వెంట్రుకవాసి తేడా లేదు.

"నొప్పి ఎలా ఉంది మామయ్యా?"

"బనీను బిగుతనుకున్నానమ్మా. ఇన్నాళ్ళూ అదే అనుకున్నా. నేను కుట్టిందే కదా, కుట్టు నాకు తెలియదా అనుకున్నా. ఇందాక ఒక పక్క కుట్లన్నీ చింపేశాను." ఊపిరి కోసం ఆగారు. "వదలడం లేదు. పట్టుకునే ఉంది."

"అది బనీను కాదు మామయ్యా."

"తెలుస్తోంది."

"వీపున కొక్కేలు తీయాలి. మీ చెయ్యి అందదు."

ఆ మాట తర్వాత వీధిలోని చప్పుళ్ళు వినిపించాయి. ఎవరిదో సైకిలు గంట. ఎక్కడో నీళ్ళ పంపు. కొట్లో ఇస్త్రీపెట్టె వేడెక్కి చిటపటమంది. ఇల్లాలు వెళ్ళి దాని స్విచ్చి కట్టేసి వచ్చింది.

గడియ కదిలింది.

*

ఆ గదిలో మూడు అద్దాలు. బట్ట వేసుకున్నవాడు తన ముందూ పక్కలూ తానే చూసుకోవాలని మాస్టారు ముచ్చటపడి పెట్టించినవి. ఇప్పుడు మూడింటిలోనూ ఆయనే ఉన్నారు. ఎటు తల తిప్పినా తానే ఎదురవుతున్నారు. చొక్కా ముందుకు దగ్గరగా లాక్కుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని, స్కూల్లో దెబ్బలు తిన్న పిల్లవాడిలా కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు.

కోడలు ఆయన వంక చూడలేదు. ముందు అద్దాల పని పట్టింది. పక్క రెక్కలు రెండూ గోడవైపు తిప్పేసింది. నడిమిది మిగిలింది. కొక్కేనికి వేలాడుతున్న ప్లీడరుగారి చొక్కా తీసి, దాని మీద కప్పింది.

"ఆ చొక్కా అలాగే ఉండనివ్వండమ్మా," అన్నారు ప్లీడరుగారు బయటినుంచి. "నాకేం తొందర లేదు."

ఇల్లాలు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కోడలు మామగారి వెనక చేరి, చొక్కా భుజాల మీంచి జార్చింది. నల్ల అస్తరు రెండు మడతలు. ఒక పక్క చిరిగి వేలాడుతోంది. కొక్కేల వరసల కింద చర్మం మీద వరసలుగా గాట్లు. కొన్ని ఎర్రనివి, కొన్ని మాని నల్లబడినవి. గుండ్రంగా, సమానంగా, చేయి తిరిగిన పనివాడి కుట్టులా ఉన్నాయి.

ఒక్కొక్క కొక్కెం తీస్తూ ఆమె మెల్లగా చెప్పింది. ఆ సూది జబ్బుకు సరైనదే, అవసరమైనదే. దాన్ని ఎవరికి వారు మానేయకూడదు. కాని మగ హార్మోను అణిగితే ఒంట్లో కొవ్వూ చక్కెరా పెరుగుతాయి. ఇదివరకే దెబ్బతిన్న గుండె అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే ముందే గుండెను చూసుకుంటారు, మధ్యలో చూసుకుంటూ ఉంటారు, కావాలంటే వేరే రకం మందు ఆలోచిస్తారు.

"అలాంటి సూది వేసేముందు, గుండె సంగతి ఆ డాక్టరు అడగకుండా ఉండరే," అంది. ప్రశ్నలా అనలేదు. అయినా అది ప్రశ్నే.

ఇల్లాలు గోడ వైపు తిరిగింది.

"అడిగాడు," అన్నారు మాస్టారు.

"ఏం చెప్పారు?"

ఆయన మూసిన అద్దాల వంక చూశారు. చూసుకోవడానికి తన మొహం కూడా అక్కడ లేదు.

"స్టెంటు వేశారని చెప్పాను. అయితే మీ గుండె డాక్టరును కలిసి రండి అన్నాడు. మా కోడలే గుండె డాక్టరన్నాను. చూసింది, ఫర్వాలేదంది అన్నాను. ప్రతిసారీ అడిగేవాడు. ప్రతిసారీ అదే చెప్పాను. నీ పేరు వినగానే ఆయన ఇంకేమీ అడిగేవాడు కాదమ్మా. మంచి డాక్టరని నీకు పేరుందిగా."

కొక్కెం మీద కోడలి వేళ్ళు ఆగిపోయాయి.

"నేనూ పక్కనే కూర్చున్నాను," అంది ఇల్లాలు గోడతోనే. "తలూపాను."

ఆ గదిలో అప్పుడు ముగ్గురి ఊపిరీ వినిపించింది. ఒకరిది మాత్రం సరిగా రావడం లేదు.

"ఇంకొక్కటే ఉంది," అంది కోడలు. "కదలకండి."

ఆఖరి కొక్కెం ఊడింది. బనీను జారి ఆయన ఒడిలో పడింది. స్టెతస్కోపు చల్లగా తాకగానే ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆమె వింది. చోటు మార్చి మళ్ళీ వింది. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు గాని, తెలియనివ్వకుండా ఉండటమే అత్తగారికి తెలిసిపోయింది. చొక్కా తీసి మామగారి భుజాల మీద కప్పి, కోడలు ఫోను తీసింది.

ఆసుపత్రిలో తనవాళ్ళు సిద్ధంగా ఉన్నారని మామగారికి చెప్పింది. అక్కడ పని మొదలుపెట్టేముందు, ఇన్నాళ్ళూ ఒంట్లోకి ఎక్కింది ఏ మందో, ఎంతో, వాళ్ళకు తెలియాలి. రేపు వేయవలసిన సూది సంగతి కూడా తేలాలి. అది చెప్పగలిగింది ఆ ఊరి చివరి డాక్టరు ఒక్కరే.

నంబరు అత్తగారు చెప్పింది. చూడకుండా చెప్పింది.

గంట మోగుతోంది. కోడలు ఫోనును ఆయన మోకాళ్ళ దగ్గరగా పట్టుకుని, అవతలి గొంతు అందరికీ వినిపించేలా పెట్టింది.

"ఆయన ఎత్తగానే నన్నే అడుగుతారు మామయ్యా. చూశానని చెప్పనా, చూడలేదని చెప్పనా?"

మాస్టారు ఒడిలోని బనీను వంక చూశారు.

"చూశానంటే మీ మాట నిలుస్తుంది. తప్పు నాదవుతుంది. ఆ అబద్ధాన్ని నమ్ముకునే రేపటి సూది గురించి ఆయన తేలుస్తారు." ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది, మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది. "చూడలేదంటే, ఎందుకు చూడలేదో కూడా చెప్పాలి. అది నేను చెప్పలేను. మీరు చెప్పాలి."

వీధి మొదట్లో అంబులెన్సు కూత వినిపించింది. దాని వెంట పరిగెత్తి వస్తున్న తమ్ముడి కేక. బయట ప్లీడరుగారు, ఒక్క చెయ్యి కోటుతోనే, దారికి అడ్డంగా ఉన్న బల్లను పక్కకు జరుపుతున్నారు.

ఫోనులో గంట ఆగింది.

"నమస్కారం, చెప్పండి," అన్నదొక నిదానమైన గొంతు. కోడలు తనెవరో చెప్పింది. "ఓ, మీరా డాక్టరుగారూ. మిమ్మల్ని ఎప్పుడూ పలకరించలేదు గాని, మీ మాట మీద ధైర్యంతోనే వైద్యం నడుపుతున్నాను. మామగారు కులాసాయేనా?"

కోడలు ఫోనును ముందుకు చాచి పట్టుకుంది.

మాస్టారు సుద్ద అంటిన చెయ్యి ఎత్తారు. ఒడిలో నల్లబనీను ఉంది, ఎదురుగా ఫోను ఉంది. ఆ చెయ్యి ఆ రెండింటిలో దేనికోసం కదులుతోందో, ఇన్నేళ్ళు కాపురం చేసిన ఇల్లాలికి కూడా అర్థం కాలేదు.